బీటెక్ బాగుపడాలంటే ముందు ప్రశ్నపత్రం మారాలి: చిత్తూరు, తిరుపతి వాళ్లు ఏమంటారు?

కట్టమంచి గట్టు | చిత్తూరు

కౌన్సెలింగ్ రోజులు కాబట్టి ఈ వేదికంతా ఒకటే మాట. ఈ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుంది, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) దొరుకుతుందా, దొరక్కుంటే డేటా సైన్స్ తీసుకోవచ్చా అని. సీటు వచ్చాక నాలుగేళ్లు క్లాసులో, ల్యాబులో ఏం జరుగుతుందన్నది ఎవరూ అడగట్లేదు. నేను ఒక ప్రైవేటు కాలేజీలో మెకానికల్ చెప్తాను. నాకు తోచింది సూటిగా రాస్తున్నా. కాదనిపిస్తే కాదనండి, కారణం మాత్రం చెప్పండి.

మన దగ్గర బీటెక్‌ను నడిపేది సిలబస్ కాదు, ప్రశ్నపత్రం. జేఎన్‌టీయూ అనంతపురం కింద ఆర్15 అనే సిలబస్ నియమావళి పోయి ఆర్19 వచ్చింది, తర్వాత ఆర్20, ఇప్పుడు ఆర్23. ప్రతిసారీ సబ్జెక్టులు అటూ ఇటూ జరిగాయి, కొత్త పేర్లు వచ్చాయి. థియరీకి ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70 అన్న లెక్క, ఐదు యూనిట్లు, యూనిట్‌కు రెండు ప్రశ్నలిస్తే ఒకటి రాయడం అన్న పద్ధతి మాత్రం కదల్లేదు. పాత పేపర్లు ముందేసుకుని కూర్చుంటే యూనిట్‌కు ఏ మూడు ప్రశ్నలు తిరుగుతున్నాయో సెకండియర్ పిల్లవాడు కూడా చెప్పేస్తాడు. ఆల్ ఇన్ వన్ పుస్తకాల వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది.

హీట్ ట్రాన్స్‌ఫర్ తీసుకోండి. కాంపోజిట్ గోడ (రకరకాల పొరలున్న గోడ) గుండా వేడి ఎంత పోతుందో సమీకరణం రాబట్టమని అడుగుతారు. అక్షరం పొల్లుపోకుండా రాబడతారు. అదే పిల్లవాడికి ఒక ఆవిరి పైపు చూపించి, దీని మీద ఇన్సులేషన్ ఎంత మందం వేయాలి అంటే నోరు పెగలదు. వాడి తెలివిలో లోటేమీ లేదు. ఆ ప్రశ్న నాలుగేళ్లలో ఎవరూ అడగలేదు, అడిగినా దానికి మార్కుల్లేవు.

అందుకే అంటున్నా. స్మార్ట్ బోర్డులు, ఏఐ కోర్సులు, కొత్త బ్రాంచీలు ఎన్ని తెచ్చినా ఆ 70 మార్కుల పేపరు మారకపోతే టీచరు చెప్పేదీ మారదు, పిల్లలు చదివేదీ మారదు.

---

పాత సివిల్ | తిరుపతి

కట్టమంచి గారూ, మీరు పెట్టుకున్న పేరు చూసి సంతోషించాను. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి (వైస్ ఛాన్సలర్) అయ్యారు. ఉన్నత చదువు గురించి గట్టిగా మాట్లాడే అలవాటు మన జిల్లాకు ఆయన నుంచే వచ్చిందని నేననుకుంటాను.

మీ మాటతో ముప్పావు వంతు ఏకీభవిస్తాను. మిగతా పావు ఇది. ప్రశ్నపత్రం జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. పాఠం చెప్పేవాడు ఒకడు, పేపరు తయారుచేసేవాడు ఇంకొకడు, దిద్దేవాడు మరొకడు. ఐదారు జిల్లాల కాలేజీలన్నిటికీ ఒకే రోజు ఒకే పేపరు వెళ్లాలంటే అందులో ఎవరూ అభ్యంతరం చెప్పలేని ప్రశ్నలే ఉంటాయి. అవి పుస్తకంలోని ప్రశ్నలే అవుతాయి. అనుబంధ కాలేజీల పద్ధతి ఉన్నంతకాలం ఇది తప్పదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ పద్ధతిని క్రమంగా 2035 నాటికి తీసేయాలనే చెప్పింది.

ఒక ఉదాహరణ చెప్తాను. 2021 నవంబరు వరదలు తిరుపతిలో ఎవరూ మరిచిపోలేదు. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వారంలోనే శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి దగ్గర భూమిలో ఉన్న నీళ్ల తొట్టి, సిమెంటు ఒరలతో సహా, శుభ్రం చేస్తుండగా పైకి లేచి నిలబడింది. ఊరంతా వింతగా చూడ్డానికి పోయింది. దేవుడి మహిమ అన్నవాళ్లున్నారు, భూకంపమన్నవాళ్లున్నారు.

అది ఆర్కిమెడిస్ సూత్రం. నేల నీటితో నానిపోయి ఉంది. లోపల నీళ్లు తోడేసిన తొట్టి బరువు, అది తొలగించిన నీటి బరువు కంటే తక్కువైంది. ఒక ఘనమీటరు ఖాళీకి టన్ను బరువంత తోపు కింది నుంచి వస్తుంది. చుట్టూ ఉన్న మట్టి రాపిడి ఆ తోపును ఆపలేకపోతే తొట్టి లేస్తుంది. సివిల్ చదివే ప్రతి పిల్లవాడూ ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో బోయన్సీ రాస్తాడు, ఫౌండేషన్స్‌లో అప్‌లిఫ్ట్ రాస్తాడు. ఆ వారం నాకు ఫోను చేసిన ఫైనలియర్ పిల్లల్లో ఒక్కరు కూడా ఆ రెండూ ఇక్కడ కలుస్తున్నాయని చెప్పలేకపోయారు. ఆ సెమిస్టరులో ఏ కాలేజీ అయినా ఈ తొట్టి మీద ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. అడగాలంటే ఆ ఊరి టీచరు చేతిలో పేపరు ఉండాలి.

---

శ్రీసిటీ షిఫ్ట్ | సత్యవేడు

నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో ఉన్నా. శ్రీసిటీ పారిశ్రామికవాడ వచ్చి పదిహేనేళ్లు దాటింది. కార్లు, మెట్రో బోగీలు, ఏసీలు, టూత్‌పేస్టు అన్నీ ఇక్కడ తయారవుతున్నాయి. రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ ఉంది. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది. మన పిల్లకాయలకు పని లేదనే మాట నిజం కాదు. పనికి తగ్గట్టు తయారై రావట్లేదన్నది నిజం.

ట్రైనీలను తీసుకునేటప్పుడు మోటారు స్టార్ట్ చేసే స్టార్-డెల్టా స్టార్టర్ గీయమంటాం. బీటెక్ వాళ్లు చక్కగా గీస్తారు. తర్వాత ప్యానెల్ తలుపు తీసి ఇందులో కాంటాక్టర్ ఏది, ఓవర్‌లోడ్ రిలే ఏది, మోటారు ట్రిప్ అయితే ముందు ఎక్కడ చూస్తావు అని అడుగుతాం. సగం మంది ప్యానెల్ లోపలికి చూడ్డం అదే మొదటిసారి. డిప్లొమా పిల్లలు ఇక్కడ ముందుంటారు. దాంతో చాలా కంపెనీలు షాప్ ఫ్లోర్‌కు డిప్లొమానే తీసుకుంటున్నాయి. నాలుగేళ్లు, లక్షల ఫీజు పెట్టి చదివినవాడు మూడేళ్లు చదివినవాడి కింద పని నేర్చుకోవాల్సి వస్తోంది. పని నేర్చుకోవడంలో చిన్నతనం లేదు. ఆ నేర్చుకోవడం కాలేజీలోనే అయిపోయి ఉండాల్సింది కదా అన్నదే నా బాధ.

గట్టు సార్ చెప్పిన పేపరు మారినా ల్యాబ్ మారకపోతే మా దగ్గర తేడా ఏమీ కనిపించదు.

---

లేటరల్ ఎంట్రీ | పుత్తూరు

శ్రీసిటీ అన్నా, మీరు చెప్పింది నేను రెండు వైపులా చూశా. తిరుపతిలో పాలిటెక్నిక్ చదివి ఈసెట్ (డిప్లొమా వాళ్లకు బీటెక్ ప్రవేశ పరీక్ష) రాసి సెకండియర్‌లో చేరా. పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ అంటే వర్క్‌షాపే. ఫైలింగ్ చేసి చేతులు బొబ్బలెక్కేవి. బీటెక్‌లో ల్యాబ్ అంటే రికార్డు. రీడింగులు సీనియర్ రికార్డు నుంచి వస్తాయి, గ్రాఫు కూడా అక్కడి నుంచే వస్తుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వైవాలో రికార్డు ఇండెక్స్ చూసి సంతకం పెడతారు.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. నాలాంటి వాళ్లు లెక్కల్లో చాలా కష్టపడతాం. ఫస్టియర్ మ్యాథ్స్ లేకుండా నేరుగా సిగ్నల్స్, కంట్రోల్ సిస్టమ్స్‌లో పడతాం. లాప్లాస్ ఎందుకు చేస్తున్నామో ఎవరూ చెప్పరు, ఎలా చేయాలో మాత్రం బోర్డు మీద వేస్తారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. క్లాసులో సందేహం ఉన్నా ఇంగ్లీషులో అడగలేక ఊరకే ఉండేవాణ్ణి. ఒక్క సార్ మాత్రం పాఠం ఇంగ్లీషులో చెప్పి చివరి పది నిమిషాలు తెలుగులో మాట్లాడేవారు. ఆ సబ్జెక్టు నాకు ఇప్పటికీ గుర్తుంది.

---

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. ఒక్క మనవి. సొంత అనుభవంలోని ఫిర్యాదులు రాసేటప్పుడు కాలేజీల పేర్లు, వ్యక్తుల పేర్లు రాయకండి.

---

పేరు వద్దు | తిరుపతి

పదకొండేళ్లుగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. గట్టు గారి ప్రతిపాదనకు నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. ఆలోచించి రాయాల్సిన పేపరు పెడితే దిద్దేదెవరు? మేమే కదా. వాల్యుయేషన్ క్యాంపులో స్క్రిప్టు లెక్కన డబ్బు. కట్ట తర్వాత కట్ట అవగొట్టాలి. పుస్తకంలోని జవాబైతే కన్ను పరిగెడుతుంది. ఒక్కో పిల్లవాడు ఒక్కో దారిలో లెక్క చేస్తే, ప్రతి దారినీ అనుసరించి, ఎక్కడిదాకా సరిగ్గా ఆలోచించాడో చూసి మార్కు వేయాలి. దానికి తీరిక కావాలి, సబ్జెక్టు మీద పట్టు కావాలి. ఆ రెండూ మాకు ఉండనిస్తున్నారా?

మా రోజు ఎలా గడుస్తుందో రాస్తాను. క్లాసులు, ల్యాబులు అయ్యాక కాలేజీకి గుర్తింపు ఇచ్చే న్యాక్ ఫైళ్లు. అది పూర్తయితే కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ ఫైళ్లు. కోర్స్ అవుట్‌కమ్‌కు, ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌కు మ్యాపింగ్ టేబుళ్లు. ఏప్రిల్ నుంచి అడ్మిషన్ల డ్యూటీ, ఇంటర్ కాలేజీల చుట్టూ తిరిగి, ఇంటింటికీ పోయి పిల్లల్ని చేర్పించమని అడగాలి. టార్గెట్ రాకపోతే జీతం ఆపిన మేనేజ్‌మెంట్లు ఉన్నాయి. ఖాతాలో పడిన జీతంలో కొంత తిరిగి తీసుకునేవాళ్లూ ఉన్నారు. టీచరుకు 15 మంది విద్యార్థులు అన్న నిష్పత్తిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2018లో 20కి పెంచింది. ఆ ఒక్క అంకె మారడంతో ఎన్నో ఉద్యోగాలు పోయాయి, ఉన్నవాళ్ల మీద పని పెరిగింది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు మెరుగ్గా ఉంటాయా అంటే అక్కడ ఖాళీలు. 2023లో రాష్ట్రంలో మూడు వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, అది కోర్టు వివాదాల్లో పడి ఆగింది. అకడమిక్ కన్సల్టెంటుగా చేరి, ఏటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ తల నెరిసిపోయినవాళ్లు నాకు తెలుసు.

ప్రశ్నపత్రం మార్చండి, తప్పకుండా మార్చండి. దానికంటే ముందు టీచరును మనిషిగా నిలబెట్టండి.

---

ఎలక్ట్రానిక్ సిటీ | బెంగళూరు, సొంతూరు పలమనేరు

అందరూ పరోక్షంగా సీఎస్ఈ మీద కోపం చూపిస్తున్నారు. నేను ఆ పక్షాన మాట్లాడతా. కోర్ కంపెనీలో (సివిల్, మెకానికల్ లాంటి పనుల్లో) ఫ్రెషర్‌కు ఇచ్చే జీతంతో శ్రీసిటీ పక్కన గది అద్దె, తిండి పోగా ఇంటికి పంపేది ఏమీ మిగలదు. సాఫ్ట్‌వేర్‌లో చేరినవాడు రెండు మూడేళ్లలో ఇంటి అప్పు తీరుస్తాడు. మా బ్యాచ్‌లో ఎంతమంది ఇళ్లు అలా నిలబడ్డాయో నాకు తెలుసు. రైతు బిడ్డ సీఎస్ఈ అడగడం అత్యాశ కాదు, లెక్క.

పిల్లలకు నచ్చజెప్పేవాళ్లు సరే, అనుమతులిచ్చేవాళ్లనూ అడగాలి కదా. 2018లో ఏఐసీటీఈ వేసిన బీవీఆర్ మోహన్‌రెడ్డి గారి కమిటీ 2020 నుంచి కొత్త ఇంజనీరింగ్ సీట్లు ఇవ్వొద్దని చెప్పింది. కొత్త కాలేజీలకు కొన్నాళ్లు ఆపారు కూడా. ఆ తర్వాత 2024-25 నుంచి, అర్హత ఉన్న కాలేజీలకు ఒక బ్రాంచికి 240 అన్న గరిష్ఠ పరిమితినే ఎత్తేశారు. అప్పటి నుంచి సీఎస్ఈ, దాని పక్కన పుట్టిన బ్రాంచీలు పెరుగుతూ పోతుంటే సివిల్, మెకానికల్ మూతపడుతున్నాయి. ఇన్ని సెక్షన్లకు కంప్యూటర్ సైన్స్ నిజంగా వచ్చిన టీచర్లు ఎక్కడి నుంచి వస్తారు? నిన్నటిదాకా వేరే బ్రాంచి చెప్పినవాళ్లే వారం రోజుల ఎఫ్‌డీపీ (టీచర్ల శిక్షణ) చేసి మెషిన్ లెర్నింగ్ చెప్తున్నారు.

నేను ఇంటర్వ్యూలు చేస్తుంటా. మన ప్రాంతం రెజ్యూమె వస్తే ఆశగా తీస్తా. ప్రాజెక్టు: ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్. నాలుగు కాలేజీల నుంచి అదే ప్రాజెక్టు, అవే స్క్రీన్‌షాట్లు. కొన్నారని అర్థమవుతుంది. అప్పుడు ప్రాజెక్టు పక్కన పెట్టి, ఒక చిన్న ఫంక్షన్ ఇచ్చి ఇందులో తప్పెక్కడుందో వెతకమంటా. ఇప్పుడు కోడ్ రాయడానికి ఏఐ ఉంది. అది రాసినదాంట్లో తప్పు పట్టుకునేవాడే కావాలి. తప్పు పట్టుకోవడానికి పది ప్రశ్నలు బట్టీ పట్టడం పనికిరాదు. ఈ ఒక్క విషయంలో గట్టు గారితో నూటికి నూరు పాళ్లు కలుస్తా. సాఫ్ట్‌వేరైనా, ఆవిరి పైపైనా జబ్బు ఒకటే.

---

బంగారుపాళ్యం తోట | బంగారుపాళ్యం

అయ్యా, మీరంతా చదువుకున్నోళ్లు. నేను తోతాపురి తోట పెట్టుకున్న రైతును. నా కొడుకు మెకానికల్ అయిపోయి రెండేండ్లాయ. పెద్దబిడ్డ ఇప్పుడు కౌన్సిలింగుకు ఉండాది. అందుకే మీరు రాసేది ఒక్కటీ ఇడవకుండా చదవతా ఉండా.

మాకు తెలిసింది ఒకటే. రాజశేఖర రెడ్డి ఉన్నప్పుడు ఫీజు రీయింబర్సుమెంటు వచ్చినాక మా ఊర్లో ఇంజనీరు కాని ఇల్లు లేదు. అది మాకు మేలే చేసింది, కాదనను. మా నాయన కాలంలో కాలేజీ గేటు కూడా చూసినోళ్లం కాదు. అయితే గవర్మెంటు డబ్బు ఆలస్యమయితే కాలేజోళ్లు మా మీద పడతారు. నా కొడుకు చదువు అయిపోయినాక ఫీజు బాకీ ఉండాదని సర్టిఫికెట్లు ఈలేదు. ఆ కాయితాలు లేక వాడు ఒక ఉద్యోగానికి పోలేకపోయినాడు. తోట మీద అప్పు తెచ్చి కట్టినాక ఇచ్చినారు. చదువు మా బిడ్డది, కాయితం మా బిడ్డది, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకునేదానికి వాళ్లకేం హక్కు? సంస్కరణ అంటా ఉండారే, ముందు ఇది ఆపండి సామీ.

ఇంకోటి. నా తోట కాయలు పోయేది గుజ్జు ఫ్యాక్టరీకి. ఆ ఫ్యాక్టరీలో మిషను చెడిపోతే కాయల ట్రాక్టర్లు రోడ్డు మీద నిలబడిపోతాయి, ఎండకు కాయ మెత్తబడి ధర పడిపోతాది. బాగుచేసేదానికి మనిషి బయటూరి నించి రావల్ల. మా మండలంలో ఇంత మంది మెకానికల్ ఇంజనీర్లు ఉండి, ఆ మిషను చూసేదానికి ఒకడు లేకపోయె. ఇది నాకు అర్థం కాదు.

---

గుడిపాల బాయిలర్ | చిత్తూరు

తోట అన్నా, మీరు చెప్పిన ఫ్యాక్టరీలాంటి దాంట్లోనే నేను పనిచేస్తా. మీ ప్రశ్నకు గౌరవంగా ఒక పని చేస్తా. గట్టు సార్ అడిగిన రకం ప్రశ్న ఒకటి పెడతా, చదువుకునే పిల్లలెవరైనా ఉంటే చేయండి.

గంటకు 5 టన్నుల తోతాపురి గుజ్జు వస్తోంది. 30 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు వేడి చేయాలి. గుజ్జు విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 3.7 కిలోజౌళ్లు అనుకోండి. ఆవిరి గుప్తోష్ణం కిలోకు 2,200 కిలోజౌళ్లు. గంటకు ఎంత ఆవిరి కావాలి? అది చెప్పాక అసలు ప్రశ్న: ఆ లెక్క ప్రకారం బాయిలర్ కొంటే మీ ఫ్యాక్టరీ నడుస్తుందా?

---

మెకానికల్ థర్డ్ ఇయర్ | తిరుపతి

చేశాను సార్. 5,000 ని 3.7 తో, 65 తో గుణిస్తే గంటకు 12,02,500 కిలోజౌళ్లు. 2,200 తో భాగిస్తే సుమారు 547 కిలోల ఆవిరి. బాయిలర్ మాత్రం అంతకంటే పెద్దది కావాలి. పైపుల్లో వేడి పోతుంది, హీట్ ఎక్స్ఛేంజర్ నుంచి బయటికీ పోతుంది. నాకు తోచినవి ఇవే. ఇంకేమైనా ఉన్నాయా?

నిజం చెప్పాలంటే ఈ లెక్క చేస్తుంటే సంతోషం వేసింది. ఇవే సూత్రాలతో సెమిస్టరు పరీక్ష రాశాను, అప్పుడు ఇలా అనిపించలేదు.

ఇంకో విషయం ఇక్కడ ఎవరూ రాయలేదు. మా క్లాసులో అమ్మాయిలం తక్కువ. ల్యాబులో ఒక్కో బ్యాచికి ఒక మెషిన్, గుంపులో వెనక నిలబడేది మేమే. సాయంత్రం వచ్చి చేసుకుంటామంటే హాస్టల్‌లో ఆరింటికల్లా ఉండాలి. అబ్బాయిలు రాత్రి తొమ్మిది దాకా ప్రాజెక్టు ల్యాబులో ఉంటారు. మార్కుల్లో మేం ముందుంటాం, మెషిన్ దగ్గర వెనకబడతాం, ఆ తర్వాత అమ్మాయిలకు కోర్ సరిపడదు అంటారు. దీనికి కొత్త సిలబస్ అక్కర్లేదు, ల్యాబ్ నుంచి హాస్టల్ దాకా ఒక బండి, ఒక వార్డెన్ ఉంటే చాలు.

ఇంటర్న్‌షిప్ గురించి కూడా చెప్తాను. తప్పనిసరి అన్నారు, మంచిదే. ఇన్ని వేల మందికి ఒకేసారి చోటెక్కడ? ఫోనులో మెసేజీ వస్తుంది, ఫలానా డబ్బు కడితే రెండు నెలల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ అని. మాలో చాలామంది కట్టారు. నేను శెలవుల్లో మా మామయ్య పంపుసెట్ల షాపులో కూర్చున్నాను, మోటారు వైండింగ్ చూశాను, బేరింగ్ మార్చాను. దానికి సర్టిఫికెట్ లేదు కాబట్టి కాలేజీ లెక్కలో అది ఇంటర్న్‌షిప్ కాదు.

---

పాత సివిల్ | తిరుపతి

అమ్మా, నువ్వు మామయ్య షాపులో చేసినదే ఇంటర్న్‌షిప్. ఎవరు కాదన్నా సరే.

రెండు మాటలు చెప్తాను. 2003లో ఇస్రో మాజీ అధ్యక్షుడు యు.ఆర్. రావు గారి కమిటీ సాంకేతిక విద్య మీద నివేదిక ఇచ్చింది. కాలేజీలు ఇలా అదుపు లేకుండా పెరిగితే టీచర్ల కొరత, నాణ్యత లోపం తప్పవని ఆనాడే హెచ్చరించింది. మన ప్రాంతానికి ఆయన దూరపువాడేమీ కాదు, శ్రీహరికోట నుంచి ఎగిరిన ఉపగ్రహాల వెనక ఆయన చేయి ఉంది. ఆ శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. తిరుపతి-చిత్తూరు దారిలో గాదంకి దగ్గర వాతావరణ పరిశోధనశాల ఉంది. 1,024 యాంటెన్నాలతో, 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ అక్కడుంది. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు వచ్చిపోతారు. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ ఏర్పేడులో ఉన్నాయి. శ్రీసిటీలో 2013 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. 1959 నుంచి ఎస్వీయూలో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇన్ని ఇంత దగ్గరగా ఉన్న చోటు దేశంలో ఎన్ని ఉంటాయి? యాంటెన్నాల పేపరు రాసే మన ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) పిల్లల్లో గాదంకి బోర్డు బస్సులోంచి చూసినవాళ్లే ఎక్కువ, లోపలికి పోయినవాళ్లు తక్కువ. ఈ గోడలు డబ్బు లేక కట్టినవి కావు. ఒక డీన్ ఇంకో డీన్‌కు ఉత్తరం రాస్తే కూలేవి.

రెండోది స్వయంప్రతిపత్తి. గట్టు గారు అటానమస్ వస్తే పేపరు మన చేతికి వస్తుందని అంటారనుకుంటున్నాను. మంచిదే, అయితే షరతు ఉంది. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో ఎన్‌బీఏకు శాశ్వత సభ్యత్వం వచ్చింది. ఆ గుర్తింపు టియర్-1 కింద ఎన్‌బీఏ పొందిన కోర్సులకే, అంటే విశ్వవిద్యాలయ, అటానమస్ కాలేజీలవాటికే. అందుకని అందరూ అటానమస్ కోసం పరుగెడుతున్నారు. పేపరు చేతికొచ్చాక ఉత్తీర్ణత శాతం పెంచుకోవడానికే వాడుకుంటే పిల్లలకు నష్టం రెట్టింపు. పేపరు పెట్టే స్వేచ్ఛ ఇక్కడే ఉండాలి, ఆ పేపరును, దిద్దిన స్క్రిప్టులను బయటివాళ్లు ఏటా తీసి చూడాలి.

---

కట్టమంచి గట్టు | చిత్తూరు

అందరికీ నమస్కారం. పేరు వద్దు మేడమ్ గారి మాట నా వాదనను మార్చింది అనను, కానీ దానికి ముందు ఒక మెట్టు చేర్చింది. దిద్దేవాడికి తీరిక ఇవ్వకుండా పేపరు మార్చితే పిల్లలకు అన్యాయం జరుగుతుంది. కాబట్టి ఇలా అంటాను. 70 మార్కులూ ఒకేసారి కాకుండా, ముందు 20 మార్కులకు పుస్తకం తెరిచి రాసే ఒక ప్రశ్న పెట్టాలి. చుట్టుపక్కల పరిశ్రమ నుంచో, ఊరి నుంచో తెచ్చిన సమస్య. ఆ ఒక్క ప్రశ్నకు విడిగా దిద్దుబాటు, విడిగా పారితోషికం.

వైవాకు బయటి ఎగ్జామినర్‌గా ఇంకో కాలేజీ టీచరు బదులు గుడిపాల అన్న లాంటివాళ్లు రావాలి. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని యూజీసీ 2022లోనే దారి తెరిచింది, మంజూరైన పోస్టుల సంఖ్యలో పది శాతం మించకుండా పరిశ్రమ నుంచి తీసుకోవచ్చు. పెద్ద కాలేజీలు దాన్ని పెద్ద పేర్ల కోసం వాడుకుంటున్నాయి. మనకు పెద్ద పేర్లు అక్కర్లేదు, బాయిలర్ నడిపే మనిషి కావాలి.

విశ్వవిద్యాలయం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే, అక్కర్లేదు. ఇంటర్నల్ 30 మార్కుల్లో డిస్క్రిప్టివ్ ప్రశ్నలు, అసైన్‌మెంట్లు పెట్టేది కాలేజీలోని టీచర్లమే. ఎవరి అనుమతీ అవసరం లేదు. మా హెచ్‌ఓడీతో ఈ రోజు మాట్లాడాను, వచ్చే సెమిస్టరు హీట్ ట్రాన్స్‌ఫర్ అసైన్‌మెంట్‌గా గుజ్జు లెక్క పెడుతున్నాను. మిగతా కాలేజీల మెకానికల్ టీచర్లెవరైనా ఉంటే నాకు రాయండి, ప్రశ్నలు పంచుకుందాం. సివిల్‌కు పాత సివిల్ గారి తొట్టి, ఎలక్ట్రికల్‌కు శ్రీసిటీ తమ్ముడి ప్యానెల్ ఉన్నాయి.

తోట అన్నా, సర్టిఫికెట్ల సంగతి మీరన్నదే న్యాయం. ఫీజు బాకీ ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య లెక్క. ఏఐసీటీఈ నిబంధనల్లోనూ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపి ఉంచకూడదనే ఉంది. బిడ్డను చేర్చేటప్పుడు ఒరిజినల్స్ వెరిఫికేషన్ అయ్యాక వెనక్కి అడిగి తీసుకోండి, ఇవ్వము అంటే ఆ మాట రాతపూర్వకంగా చెప్పమనండి.

---

బంగారుపాళ్యం తోట | బంగారుపాళ్యం

సంతోషం సార్. బిడ్డ మెకానికల్ అంటా ఉండాది, వాళ్ల అమ్మ సీఎస్ఈ అంటా ఉండాది. థర్డ్ ఇయర్ అమ్మాయి రాసింది చదివి వినిపించినా ఇద్దరికీ. నువ్వు చదివే కాలేజీలో ఆడబిడ్డలకు ఎట్ల ఉండాదో మా పాప నిన్ను అడగల్లంట. మెసేజి పెడతాది, కొంచెం చెప్పమ్మా.

---

గుడిపాల బాయిలర్ | చిత్తూరు

థర్డ్ ఇయర్ అమ్మాయికి: 547 సరిగ్గా చేశావు. మర్చిపోయినవి చెప్తా. ఒకటి, గుజ్జు నీళ్లలా పారదు, గొట్టం గోడకు అంటుకుని సన్నని పొర కడుతుంది. గంట గంటకూ వేడి అందుకోవడం తగ్గుతూ పోతుంది, ఆవిరి పెంచాల్సి వస్తుంది. రెండు, షిఫ్టు మొదట్లో, చివర్లో లైనంతా వేడినీళ్లతో, కాస్టిక్‌తో కడుగుతాం. ఆ కడుగుడుకూ ఇదే బాయిలర్ ఆవిరి ఇవ్వాలి. మూడు, పక్కనే డ్రమ్ముల్లోకి నింపే యూనిట్‌కు స్టెరిలైజేషన్ ఆవిరి వేరు. నాలుగు, బాయిలర్‌కు పోసే నీళ్లు ఏ వేడిలో ఉన్నాయన్నది. కండెన్సేట్ (ఆవిరి చల్లబడి మారిన వేడినీళ్లు) వెనక్కి తెచ్చుకుంటే ఇంధనం మిగులుతుంది, వదిలేస్తే డబ్బు కాలువలో పోతుంది. ఇవన్నీ కలిపి మళ్లీ లెక్క వేసి చూడు.

గట్టు సార్, సీజను ఇంకో రెండు వారాలు ఉంటుంది. మా మేనేజరును అడిగా, పొద్దున షిఫ్టులో ఇరవై మంది దాకా రావచ్చన్నారు. షూ తప్పనిసరి, చేతికి ఉంగరాలు, వాచీలు వద్దు, తలకు క్యాప్ మేమిస్తాం. అమ్మాయిలు ఎంతమంది, అబ్బాయిలు ఎంతమంది, ఏ రోజు వస్తారు, ముందు రోజు సాయంత్రం లోపల చెప్పండి.